రుద్రమదేవి: సామంతులు కాదన్న రాణి, కొలను సేనలు నిలబెట్టిన రాజ్యం

కొల్లేటికోట అనగానే ఇవాళ పెద్దింట్లమ్మ గుడి, ఫాల్గుణంలో జరిగే జాతర, చేపలు, నీటి పక్షులు గుర్తొస్తాయి. ఎనిమిది వందల ఏళ్ళ కిందట మాత్రం ఈ పేరు వింటే రాజులు జాగ్రత్త పడేవాళ్ళు. శాసనాల్లో కొలను అనీ, సరసీపురి అనీ రాసిన రాజధాని ఈ సీమలోనే ఉండేది. అది కొల్లేటికోటేనని కొందరు, ఏలూరని మరికొందరు అంటారు. ఏదైనా కొల్లేటి నీళ్ళను కాపలాగా పెట్టుకున్న కోటే.

బుడమేరు, తమ్మిలేరు వచ్చి పడే సరస్సు ఇది. నీళ్ళు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతాయి. వానాకాలంలో సరస్సు ఉబ్బితే ఊళ్ళన్నీ లంకలవుతాయి. గుర్రాలు, ఏనుగులతో వచ్చే సేన అక్కడ ఆగిపోవాల్సిందే. అందుకే కొలను నాయకులు ఎవరికీ ఓ పట్టాన లొంగలేదు. కులోత్తుంగ చోళుడి కొడుకు విక్రమ చోళుడు వేంగిలో ప్రతినిధిగా ఉన్నప్పుడు తెలుంగ భీముడనే కొలను నాయకుడి మీద యుద్ధం చేయాల్సి వచ్చింది. పై రాజు బలంగా ఉంటే కప్పం కట్టడం, బలహీనపడితే ఎదురుతిరగడం. ఆ కాలంలో సామంతుల పద్ధతే అది.

అలాంటి కొలను 1291లో ఓరుగల్లు సింహాసనాన్ని కాపాడింది. తిరుగుబాటు చేసిన సామంతుడి మీదికి నడిచిన సేనలకు కొలను వాళ్ళే ముందు నిలిచారు. అప్పటికి రాణి రుద్రమదేవి కన్నుమూసి రెండేళ్ళయింది. కానీ ఆ గెలుపు వెనక ఆమె జీవితం మొత్తం ఉంది.

పెళ్ళిళ్ళతో కట్టిన రాజ్యం

రుద్రమ తండ్రి గణపతిదేవుడు. 1199 నుంచి 1262 దాకా, అరవై ఏళ్ళకు పైగా ఓరుగల్లును ఏలాడు. కాకతీయులను తెలంగాణ గడ్డ మీది నుంచి సముద్రం ఒడ్డు దాకా తీసుకెళ్ళింది ఆయనే. గెలిచిన చోటల్లా కత్తితోనే పని జరగదని ఆయనకు తెలుసు. దివి సీమను గెలిచాక అక్కడి అయ్య వంశపు అక్కచెల్లెళ్ళు నారమ్మ, పేరమ్మలను పెళ్ళాడాడు. వాళ్ళ అన్న జాయపను సేనాపతిగా పెట్టుకున్నాడు. కూతురు గణపాంబను ధరణికోటను ఏలే కోట బేతరాజుకు ఇచ్చాడు. మరో కూతురు రుద్రమను నిడదవోలు చాళుక్య రాకుమారుడు వీరభద్రుడికి ఇచ్చాడు. ఈ పెళ్ళి 1240 నాటికే అయిపోయింది.

ఇప్పటి తాడేపల్లిగూడెం నుంచి నిడదవోలు ఎంతో దూరం కాదు. ఒకప్పుడు వేంగిని ఏలిన తూర్పు చాళుక్యుల పేరు అప్పటికి అక్కడొక చిన్న సామంత వంశంగా మిగిలింది. బలం తగ్గినా ఆ పేరుకు గౌరవం తగ్గలేదు. గోదావరి సీమలో కాలు నిలదొక్కుకోవాలంటే ఆ ఇంటితో వియ్యం అవసరం.

అదే రోజుల్లో కొలను కూడా కాకతీయుల చేతికి వచ్చింది. ఇందులూరి సోమయ మంత్రి సేనలతో వచ్చి కొలనును గెలిచాడు. గణపతిదేవుడు ఆయన్నే అక్కడ అధికారిగా ఉంచాడు. అప్పటి నుంచి ఆయన కొలని సోమమంత్రి అయ్యాడు. అలా ఎప్పుడూ ఎదురుతిరిగే సరస్సు కోటలో ఓరుగల్లు మనుషులు కుదురుకున్నారు. రుద్రమ అత్తవారి సీమకు, కొలనుకు మధ్య ఉన్నది ఒక రోజు ప్రయాణమే. ఆమె కథకు ఈ రెండు చోట్లూ ముడిపడి ఉన్నాయి.

కూతురు కాదు, రుద్రదేవ మహారాజు

గణపతిదేవుడికి కొడుకులు లేరు. ముసలితనంలో ఆయన తీసుకున్న నిర్ణయం ఆ కాలానికి మామూలుది కాదు. పెద్ద పెద్ద సామంతుల ఇళ్ళ నుంచి మగపిల్లవాణ్ణి తెచ్చుకోకుండా, అల్లుళ్ళకు అప్పగించకుండా, కూతురు రుద్రమను వారసురాలిగా నిలిపాడు. 1260 ప్రాంతంలోనే ఆమెను తనతో పాటు పాలనలో కూర్చోబెట్టాడు. శాసనాల్లో ఆమె రుద్రదేవ మహారాజు. సభలో మగవేషంలో కూర్చునేదని చెబుతారు.

ఈ మగపేరు, మగవేషం సరదా కోసం కాదు. సామంతుడు రాజుకు చేసే ప్రమాణం యుద్ధభూమికి సంబంధించింది. ముందు నడిచే మనిషి వెనకే సేన నడుస్తుంది. ఆడమనిషి ముందు నడిస్తే వెనక నడవమని చెప్పడానికి చాలామందికి ఒక సాకు దొరికింది. ఆ సాకును తీసేయడమే రుద్రదేవ మహారాజు అనే పేరు చేసిన పని.

అదను కూడా చెడ్డది. 1260ల మొదట్లో నెల్లూరు దగ్గర ముత్తుకూరు యుద్ధంలో పాండ్యరాజు జటావర్మ సుందరపాండ్యుడి చేతిలో గణపతిదేవుడు ఘోరంగా ఓడిపోయాడు. దక్షిణాన నెల్లూరు చేజారింది. తూర్పున కళింగ గంగరాజులు గోదావరి దాకా వచ్చారు. పడమట దేవగిరి యాదవులు కాచుకుని ఉన్నారు. ఇలాంటి సమయంలో ఓరుగల్లు గద్దె మీద ఒక ఆడది.

సామంతుల్లో గొణుగుడు మొదలైంది. ప్రతాపచరిత్ర అనే పాత గ్రంథం ఇంకో మాట కూడా చెబుతుంది. హరిహరదేవుడు, మురారిదేవుడు అనే దగ్గరి బంధువులే ఆమెను తోసేసి కోటను పట్టుకున్నారనీ, రుద్రమ తన పక్షం వాళ్ళతో వచ్చి కోటను తిరిగి గెలిచి వాళ్ళను తుదముట్టించిందనీ దాని కథనం. ఆ గ్రంథం చాలాకాలం తర్వాతిది. ఆ పేర్లను ఖాయం చేసే శాసనాలు లేవు. కానీ మొదటి సంవత్సరాల్లో ఆమె కిరీటం కోసం ఇంటిలోపలే పోరాడాల్సి వచ్చిందన్నది మాత్రం చరిత్రకారులు ఒప్పుకునే విషయం. ఆ రోజుల్లో ఆమె పక్కన నిలిచిన వాళ్ళలో రేచర్ల ప్రసాదిత్యుడు, గోన గన్నారెడ్డి పేర్లు అందరికీ తెలిసినవే. కాయస్థ సోదరులు జన్నిగదేవుడు, త్రిపురారిదేవుడు కూడా ఆమె పక్షమే. వాళ్ళ తమ్ముడే అంబదేవుడు. ఈ పేరు గుర్తుపెట్టుకోవాలి.

ఢిల్లీలో రజియా, ఓరుగల్లులో రుద్రమ

రుద్రమ గద్దెనెక్కడానికి పాతికేళ్ళ ముందే ఢిల్లీలో ఇదే కథ నడిచి ముగిసింది. సుల్తాన్ ఇల్తుత్‌మిష్ కొడుకులను కాదని కూతురు రజియాను వారసురాలిగా ఎంచుకున్నాడు. ఆయన పోగానే తురుక్ అమీర్లు ఆ మాటను పక్కనపెట్టి రుక్నుద్దీన్ ఫిరోజ్‌ను గద్దెనెక్కించారు. అతని చేతకానితనం బయటపడ్డాక 1236లో రజియా సుల్తానా అయింది. ఆమె కూడా పరదా వదిలి మగవేషంలో దర్బారుకు వచ్చింది. ఏనుగెక్కి జనం మధ్య తిరిగింది.

రజియాకు అసలు చిక్కు మత పెద్దల నుంచి కాదు, అమీర్ల నుంచి వచ్చింది. తమ చెప్పుచేతల్లో ఉంటుందనుకున్న పిల్ల సొంతంగా పాలించడం వాళ్ళకు నచ్చలేదు. అమీర్ల బలానికి అడ్డుకట్టగా ఆమె తురుక్‌లు కానివాళ్ళను పైకి తెచ్చింది. హబ్షీ అయిన జమాలుద్దీన్ యాఖూత్‌ను అశ్వశాల అధిపతిని చేసింది. అమీర్లు అదే నెపంగా తిరగబడ్డారు. యాఖూత్‌ను చంపారు. భటిండా అధికారి అల్తూనియా ఆమెను బందీ చేశాడు. తర్వాత అతన్నే పెళ్ళాడి ఢిల్లీ మీదికి వచ్చినా ఓడిపోయింది. 1240లో ఆమె కథ ముగిసింది. మొత్తం నాలుగేళ్ళు కూడా నిండలేదు. పదేళ్ళ తర్వాత, 1250లో ఈజిప్టు గద్దెనెక్కిన షజరుద్దుర్‌కు ఆ మాత్రం సమయం కూడా దొరకలేదు. నెలల్లోనే గద్దె దిగాల్సి వచ్చింది.

రుద్రమ దాదాపు ముప్పై ఏళ్ళు పాలించింది. తేడా ఎక్కడుంది? ధైర్యంలో కాదు. రజియా ధైర్యానికి ఎవరూ వంక పెట్టలేరు. తేడా రజియాకు దొరకని సమయంలో ఉంది. పాత సామంతులకు బదులు కొత్త మనుషులను తయారు చేసుకోవాలని ఇద్దరూ చూశారు. రజియా ఒకరిద్దరిని పైకి తెచ్చేసరికే తిరుగుబాటు ముంచుకొచ్చింది. రుద్రమ ఆ పనిని మెల్లగా, ఏళ్ళ తరబడి, ఒక వ్యవస్థగా చేసుకొచ్చింది.

నాయకుల రాజ్యం

ఆ వ్యవస్థే నాయంకర పద్ధతి. పుట్టుకతో వచ్చే సామంతరాజ్యాలు కాకుండా, రాజు ఇచ్చే ఊళ్ళ ఆదాయంతో ఇన్ని గుర్రాలు, ఇంత కాల్బలం పోషించి, పిలిచినప్పుడు యుద్ధానికి రావాల్సిన నాయకులు. వాళ్ళ హోదా తాతల నాటిది కాదు. రాణి ఇచ్చింది. రాణి నిలబడితేనే వాళ్ళు నిలబడతారు. రుద్రమ కాలం నుంచి శాసనాల్లో పెద్ద వంశాల పేర్లు తగ్గుతూ, చెప్పుకోదగ్గ వంశం లేని నాయకుల పేర్లు పెరుగుతూ వచ్చాయి. పాత దొరలకు ఇది నచ్చకపోవడంలో వింతేమీ లేదు.

యుద్ధాల్లో ఫలితం కనిపించింది. దేవగిరి రాజు మహాదేవుడు ఓరుగల్లు మీదికి వచ్చాడు. ఆడదని తలచి ఆమెను వదిలేశాడని యాదవుల పక్షం వాళ్ళు రాసుకున్నారు. ఓడిపోయి తరిమించుకున్నాడని కాకతీయుల పక్షం కథనం. ఎవరి మాట నిజమన్నది బీదరు కోటలో దొరికిన శాసనం చెప్పకనే చెబుతుంది. అక్కడ రుద్రమ సేనలో పనిచేసిన సింద భైరవుడు ఆమె బిరుదులు చెక్కించాడు. వదిలేసి వెళ్ళిన రాజు నేల మీద అవతలి పక్షం శాసనం ఎలా వేస్తుంది? రాయగజకేసరి అన్న బిరుదును ఆమె తండ్రి నుంచి తీసుకుని నిలబెట్టుకుంది. ఓరుగల్లు కోటలోని శిల్పాల్లో సింహం మీద కూర్చుని కత్తి, డాలు పట్టిన స్త్రీమూర్తి కనిపిస్తుంది. అది రుద్రమేనని చాలామంది నమ్మకం.

తూర్పున గోదావరి సీమలో కళింగ గంగరాజు మొదటి భానుదేవుడి సేనలను 1270ల్లో పోతినాయకుడు, ప్రోలినాయకుడు వెనక్కి కొట్టారు. వీళ్ళ పేర్ల చివర నాయకుడు అన్న మాటను గమనించాలి. వీళ్ళు రాజవంశాల వాళ్ళు కాదు. నిడదవోలు, కొలను, ద్రాక్షారామం ఉన్న సీమ మళ్ళీ ఓరుగల్లు నీడలోకి వచ్చింది ఇలాంటి వాళ్ళ వల్లే.

రుద్రమ కూతుళ్ళ పెళ్ళిళ్ళు కూడా ఇదే దారిలో నడిచాయి. భర్త వీరభద్రుడు ముందే పోయాడు. ఆమెకు మగపిల్లలు లేరు. కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుణ్ణి దత్తత తీసుకుని వారసుణ్ణి చేసింది. మరో కూతురు రుయ్యమ్మను ఇందులూరి అన్నయకు ఇచ్చింది. కొలను గెలిచి అక్కడ పాతుకుపోయిన ఆ ఇందులూరి వంశమే ఇది. తండ్రి కూతుళ్ళను రాజవంశాలకు ఇచ్చాడు. ఆమె మంత్రుల ఇంటికి ఇచ్చింది. కొలనుకూ ఓరుగల్లుకూ మధ్య ఉన్నది అధికారి, రాణి సంబంధం మాత్రమే కాదిప్పుడు. చుట్టరికం.

కోట గోడ, పురుడు గది

యుద్ధాలే చెబితే ఆమె పాలన సగమే చెప్పినట్టు. ఓరుగల్లులో తండ్రి మొదలుపెట్టిన రాతికోట గోడను ఆమె ఎత్తు పెంచి పూర్తి చేసింది. దాని చుట్టూ మరో పెద్ద మట్టికోట, దానికి వెడల్పాటి కందకం వేయించింది. ఆ మట్టికోట విలువ ఆమె పోయిన ఇరవై ఏళ్ళకు తెలిసింది. 1310లో అలావుద్దీన్ ఖిల్జీ సేనాపతి మాలిక్ కాఫుర్ ముట్టడికి వచ్చినప్పుడు ఢిల్లీ సేన వారాల తరబడి దాని ముందు నిలబడాల్సి వచ్చింది. ఆ గోడ గట్టిదనాన్ని ఢిల్లీ దర్బారు కవి అమీర్ ఖుస్రో కూడా తన ఫార్సీ గ్రంథంలో వర్ణించాడు.

1261లో వేసిన మల్కాపురం శాసనం ఇంకో ముఖం చూపిస్తుంది. గణపతిదేవుడి గురువు విశ్వేశ్వర శివాచార్యులకు కృష్ణ ఒడ్డున మందడం ఊరు దానంగా అందింది. రుద్రమ దానికి వెలగపూడిని కలిపింది. ఆ ఆదాయంతో మఠం, విద్యార్థులకు వసతి, అన్నసత్రం నడిచేవి. వాటితో పాటు ఆరోగ్యశాల, ప్రసూతిశాల కూడా. ఏడున్నర శతాబ్దాల కిందట తెలుగు నేల మీద కాన్పుల కోసం వేరే ఆసుపత్రి ఉండేదని చెప్పే రాయి ఇది. ఈ రెండు ఊళ్ళూ ఇప్పుడు అమరావతి రాజధాని ప్రాంతంలో ఉన్నాయి.

సముద్ర వ్యాపారం కూడా ఆగలేదు. గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వర్తకులకు అభయశాసనం ఇచ్చాడు. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును రాజులు కాజేయరాదని, నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోరాదని దాని సారం. వెనిస్ నగరం నుంచి వచ్చిన మార్కో పోలో ఆ రేవును ముట్ఫిలి అన్నాడు. ఆ రాజ్యాన్ని భర్త పోయిన ఒక రాణి ఏళ్ళ తరబడి న్యాయంగా ఏలిందని, అక్కడ వజ్రాలు దొరుకుతాయని, సాలెగూడంత సన్నటి బట్టలు నేస్తారని రాశాడు. ఆ రాణి రుద్రమే.

గుర్రాల అధిపతులు

ఇప్పుడు కాయస్థుల దగ్గరికి రావాలి. గణపతిదేవుడి సేనలో గంగయ సాహిణి అనే వీరుడు ఉండేవాడు. సాహిణి అంటే గుర్రపు దళాల అధికారి. అరబ్బు, పారశీక దేశాల నుంచి ఓడల్లో వచ్చే గుర్రాలు ఆ కాలంలో బంగారంతో సమానం. గుర్రాలు ఎవరి చేతిలో ఉంటే యుద్ధం వాళ్ళది. ఢిల్లీలో యాఖూత్‌కు అశ్వశాల ఇస్తే అమీర్లు ఎందుకు అంతగా మండిపడ్డారో దీన్నిబట్టి అర్థమవుతుంది. గంగయ సాహిణికి గణపతిదేవుడు పానుగల్లు నుంచి దక్షిణాన మార్జవాడి దాకా ఉన్న విశాలమైన సీమ అప్పగించాడు. ఆయన తర్వాత మేనల్లుళ్ళు జన్నిగదేవుడు, త్రిపురారిదేవుడు వరుసగా ఆ అధికారం పొందారు. ఇద్దరూ రుద్రమకు నమ్మకంగానే ఉన్నారు.

1272 ప్రాంతంలో వాళ్ళ తమ్ముడు అంబదేవుడు వచ్చాడు. అతను వేరే రకం. సామంతుడిగా మిగిలిపోవడం అతనికి సరిపోలేదు. 1273లోనే గురిజాలను ఏలే శ్రీపతి గణపతిని ఓడించి అతని బిరుదు లాక్కున్నాడు. అలా ఒక్కొక్కరినీ కొడుతూ పోయాడు. ఏరువ చోడులను తొలగించాడు. నెల్లూరులో తనకు కావలసిన మనుమ గండగోపాలుణ్ణి గద్దెనెక్కించాడు. కడప దగ్గరి వల్లూరు రాజధానిగా, గండికోట సీమ వెన్నుదన్నుగా, పేరుకు సామంతుడు, నిజానికి రాజు అయ్యాడు.

రాణికి చిక్కు ఇక్కడే. అంబదేవుడు కొట్టింది ఎవరిని? తోటి సామంతులను. వాళ్ళలో కొందరు రాణి మనుషులు. వాళ్ళను కాపాడకపోతే ఇక ఎవరూ ఆమెను నమ్మరు. కాపాడితే సేనలో బలమైన గుర్రపు దళంతోనే తలపడాలి. పైగా అతను ఒంటరి కాదు. దేవగిరి రాజు, పాండ్యరాజులు తనకు కానుకలు పంపారని అతనే రాయించుకున్నాడు. దక్షిణం, పడమర రెండూ కలిస్తే మధ్యలో ఉన్న ఓరుగల్లు నలిగిపోతుంది. ఇది ఒక సామంతుడి అలక కాదు. కాకతీయ రాజ్యం ఉంటుందా, ముక్కలవుతుందా అన్న ప్రశ్న.

1289

అప్పటికి రుద్రమ ముసలిది. 1240 నాటికే పెళ్ళయిన మనిషి. అరవైకి అటూఇటూగా, బహుశా ఇంకా ఎక్కువే ఉంటుంది. అయినా సేనను ఎవరికో అప్పగించి కోటలో కూర్చోలేదు. సేనాపతి మల్లికార్జున నాయకుడితో కలిసి ఆమె కూడా కదిలింది. అంబదేవుడి మీద సాగిన ఈ పోరులోనే ఆమె ప్రాణాలు వదిలిందని చరిత్రకారుల అభిప్రాయం.

ఈ విషయం చాలాకాలం ఎవరికీ తెలియదు. ఆమె 1295 దాకా బతికిందని పుస్తకాల్లో రాసేవాళ్ళు. దాన్ని మార్చింది నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గరి చందుపట్ల గ్రామంలో బయటపడ్డ శాసనం. దాని తేదీ 1289 నవంబరు 27. పువ్వుల ముమ్మడి అనే బంటు వేయించింది. కాకతి రుద్రమదేవి, మల్లికార్జున నాయకుడు శివలోకానికి వెళ్ళారని, వాళ్ళ పుణ్యం కోసం ఆ ఊరి సోమనాథ దేవుడికి భూమి ఇస్తున్నానని దాని సారాంశం. రాణి పేరు, సేనాపతి పేరు ఒకే వరుసలో, ఒకే పుణ్యంలో ఉన్నాయి. ఇద్దరూ ఒకేసారి పోయారని, అది యుద్ధంలోనే అయి ఉండాలని చరిత్రకారులు అనుకోవడానికి కారణం అదే.

మరుసటి ఏడాది, 1290లో, త్రిపురాంతకం గుడిలో అంబదేవుడు పెద్ద శాసనం వేయించాడు. ఓడించిన రాజుల పేర్లు, గుంజుకున్న బిరుదులు, అందుకున్న కానుకలు అన్నీ అందులో ఉన్నాయి. కాకతీయులను పైరాజులుగా ఒప్పుకున్న జాడ లేదు. అంటే ఆ రోజుకు తిరుగుబాటు గెలిచింది. రాణి లేదు. సేనాపతి లేడు. గద్దె మీద ఉన్నది ఆమె మనవడు ప్రతాపరుద్రుడు.

కొలను సేనలు

రజియా పోయాక ఆమె కోసం నిలబడటానికి ఎవరూ మిగల్లేదు. రుద్రమ పోయాక జరిగింది వేరు. ఆమె తయారు చేసిన మనుషులు చెదిరిపోలేదు.

ప్రతాపరుద్రుడు దెబ్బ ఎక్కడెక్కడ కొట్టాలో ఆలోచించాడు. అంబదేవుడు, అతని పక్షాన ఉన్న నెల్లూరు, వెనక ఉన్న దేవగిరి. ముగ్గురూ ఒకచోట చేరకుండా మూడు వైపులకూ సేనలు పంపాడు. 1291లో త్రిపురాంతకం మీదికి వెళ్ళిన సేనకు నాయకులు కొలని సోమమంత్రి కొడుకు మనుమ గన్నయ, ఆ వంశానికే చెందిన అన్నయ. కొల్లేటి సీమ నుంచి వచ్చిన ఇందులూరి వాళ్ళు. నెల్లూరు వైపు అడిదము మల్లు వెళ్ళాడు. పడమటి వైపు గోన వంశం వాళ్ళు కృష్ణా తుంగభద్రల మధ్య కోటలు పట్టారు. గోన విఠలుడు 1294లో రాయచూరులో కోట కట్టించి శాసనం వేయించాడు.

త్రిపురాంతకం దగ్గర అంబదేవుడు నిలవలేకపోయాడు. దక్షిణాన ములికినాడు వైపు తగ్గిపోయాడు. ఏడాది కిందట అతను తన గెలుపులు చెక్కించుకున్న ఊళ్ళోనే మళ్ళీ కాకతీయుల అధికారం నడిచింది. అతని తర్వాత కొడుకు కొన్నేళ్ళు ములికినాడులో ఉన్నా, కాయస్థుల బలం మళ్ళీ లేవలేదు. ఆ సీమలను ప్రతాపరుద్రుడు నాయకులకు పంచాడు. అవ్వ మొదలుపెట్టిన పద్ధతిని మనవడు రాజ్యమంతటా విస్తరించాడు.

1323లో ఉలుగ్ ఖాన్ సేనలు ఓరుగల్లును గెలిచాక కాకతీయ వంశం ముగిసింది. నాయకులు ముగియలేదు. కొన్నేళ్ళకే ముసునూరి ప్రోలయ నాయకుడి వెనక చేరి తెలుగు సీమలో మళ్ళీ రాజ్యాలు నిలిపింది వాళ్ళే. రాజు పోయినా రాజ్యం నడపగల మనుషులు ఉండటం రుద్రమ పాలన మిగిల్చిన అసలైన ఆస్తి.

ఇవాళ రుద్రమదేవి పేరు తెలియని తెలుగువాడు లేడు. ట్యాంక్‌బండ్ మీద విగ్రహం ఉంది. నోరి నరసింహశాస్త్రి నవల ఉంది. 2015లో సినిమా వచ్చింది. వీటిలో కనిపించేది ఎక్కువగా కత్తి పట్టిన యువరాణి. కానీ సామంతులతో అసలు పోరు ఆమె యవ్వనంలో ముగియలేదు. చివరి రోజు దాకా సాగింది. ఆ రోజుకు ఆమె చేతిలో గెలుపు లేదు.

చరిత్రలో ఓడినవాళ్ళ మాట మిగలడం అరుదు. అంబదేవుడి శాసనం పెద్దది, వర్ణనలతో నిండినది. చందుపట్ల రాయి చిన్నది, నాలుగు మాటలు. దాన్ని వేయించింది రాజు కాదు, మంత్రి కాదు, వంశం చెప్పుకునే దొర కాదు. ఒక బంటు. రాణి పోయిన సంగతి రాతి మీద మిగిల్చి, ఆమె పుణ్యం కోసం భూమి ఇచ్చింది అతను. పెద్ద వంశాలు ఆమెను కాదన్నప్పుడు రుద్రమ ఎవరిని నమ్ముకుందో తెలియాలంటే ఆ ఒక్క పేరు చాలు, పువ్వుల ముమ్మడి.